కారు ఎత్తు తగ్గించే ముందు: మా షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ నుంచి ములుగు వెళ్లే దారిలో మాది చిన్న షాపు. చక్రాల అలైన్‌మెంట్, సస్పెన్షన్ పని తప్ప వేరే పని పట్టుకోం. వారంలో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లయినా వచ్చి, ఫోనులో ఒక ఫొటో చూపించి, "అన్నా, నా బండి ఇలా కావాలి" అంటారు. ఆ ఫొటోలో కారు నేలకు అతుక్కుని ఉంటుంది. టైరుకూ దాని పైనున్న ఫెండరు రేకుకూ మధ్య వేలు దూరదు. కారు కింద రోడ్డు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. నేను ముందు ఆ రోడ్డు వైపు చూస్తాను, వాళ్లు కారు వైపు చూస్తారు. చెప్పిందే చెప్పి గొంతు పోతున్నందువల్ల ఇక్కడ రాసి పెడుతున్నాను. దించవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మేమూ దించుతాం, దానికి డబ్బు తీసుకుంటాం.

కారు దించడం అంటే అసలు తగ్గేది ఏమిటి?

రెండు తగ్గుతాయి. మొదటిది అందరికీ తెలిసినదే, బండి అడుగుకూ నేలకూ మధ్య ఉన్న దూరం. రెండోదాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. గుంతలోనో గడ్డ మీదో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి ఉన్న చోటు అది.

టైరు పైన కనిపించే ఖాళీ వృథా అని చాలామంది అనుకుంటారు. ఆ ఖాళీ చక్రం సొత్తు. గదిలో తలుపు తెరుచుకోవడానికి కొంత చోటు వదులుతాం కదా. అక్కడ బీరువా పెడితే గది నిండుగానే ఉంటుంది, తలుపు మాత్రం సగమే తెరుచుకుంటుంది. కారులోనూ అంతే. చక్రం కదిలే దారి చివర బంప్ స్టాప్ అనే మెత్తని దిమ్మ ఉంటుంది. చోటు తగ్గించిన కొద్దీ చక్రం ఆ దిమ్మను తరచుగా తాకుతుంది. స్ప్రింగు పని అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత దెబ్బ నేరుగా బాడీకీ, బాడీ నుంచి మీ నడుముకూ చేరుతుంది.

మలుపుల్లో బండి నిజంగా గట్టిగా నిలబడుతుందా?

నిలబడుతుంది. ఎంత మేరకు అన్నదే లెక్క.

గడ్డి మోపులు ఎత్తుగా పేర్చిన బండి గట్టు మలుపులో ఒరిగినంత సులువుగా, అదే బరువున్న వడ్ల బస్తాల బండి ఒరగదు. రెండింటి బరువూ ఒకటే, ఆ బరువు ఉన్న ఎత్తు వేరు. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందన్నది గరిమనాభి (బండి బరువంతా ఒకచోటే ఉన్నట్టు లెక్క వేసే బిందువు) ఎత్తును బట్టి, ఎడమ కుడి చక్రాల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. ఒక చిన్న కారుకు గరిమనాభి నేల నుంచి 550 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. 30 మిల్లీమీటర్లు దించితే 520 అవుతుంది. అంటే మారే బరువు నూటికి ఐదారు పాళ్లు తగ్గింది. ఉన్న మేలు అంతే. మంచి టైర్లు వేస్తే దీనికన్నా ఎక్కువే తేడా తెలుస్తుందని నా అనుభవం.

"దించాక స్టీరింగ్ తిప్పగానే బండి తిరుగుతోంది" అని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. అందులో ఎక్కువ భాగం బండి ఎత్తు తగ్గినందువల్ల కాదు, కొత్త స్ప్రింగులు పాతవాటికన్నా గట్టివి కావడం వల్ల వచ్చినది.

ఇంకొక చిక్కు ఉంది. మన చిన్న కార్లలో ముందు చక్రాలకు దాదాపుగా ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక, అంటే స్ప్రింగు, షాకబ్జరు కలిసి ఒకే నిలువు కాడగా ఉండేది. అందులో బాడీ ఒరిగేటప్పుడు ఒక ఊహాబిందువు చుట్టూ ఒరుగుతుంది. దాన్ని రోల్ సెంటర్ అంటారు. బండిని దించితే గరిమనాభి దిగినదానికన్నా ఈ రోల్ సెంటర్ ఎక్కువ దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే బండి ఒరగాలని చూస్తుంది. గట్టి స్ప్రింగు దాన్ని ఆపుతుంది కాబట్టి మనకు తెలియదు. బండిని లిఫ్టు మీద కాకుండా చక్రాల మీదే నిలబెట్టి, కిందికి వంగి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు నుంచి బాడీకి కలిపే చేయి) చూడండి. చక్రం వైపు కొస లోపలి కొసకన్నా పైకి లేచి ఉంటే హద్దు దాటారని అర్థం.

మైలేజీ పెరుగుతుందా?

పెట్రోలు బంకులో తెలిసేంత పెరగదు. హైదరాబాదు దారిలో వేగంగా వెళ్లేటప్పుడు అడుగున దూరే గాలి కాస్త తగ్గుతుంది, నిజమే. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట వరకు దానితో పనే లేదు.

మరి ఎంత దించవచ్చు?

మన వాడకానికి 25 నుంచి 30 మిల్లీమీటర్లు. 40 అంటే నేను ఇంకో రోజు ఆలోచించుకుని రమ్మంటాను. 50 దాటితే మా దగ్గర చేయం.

ముందు మీ బండిని మీరే కొలవండి. చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా ఫెండరు అంచు వరకు టేపు పట్టండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, టైరు అరుగుదల లెక్కను పాడు చేస్తాయి. నాలుగు మూలలా కొలిచి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించి, డిక్కీలో మీరు మామూలుగా పెట్టే సామాను పెట్టి, మళ్లీ కొలవండి. వెనక కూర్చునేవాళ్లు ముగ్గురు, సామాను కొంత ఉంటే చిన్న కార్లు వెనక వైపు రెండు అంగుళాల వరకు దిగుతాయి. చాలామంది ఈ అంకె చూసి, వచ్చిన దారినే వెళ్లిపోతారు.

లెక్క కోసం ఖాళీ బండిలో వెనక చక్రం పైకి లేవడానికి 80 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం. కుటుంబం ఎక్కితే అందులో 50 పోయింది. 35 దించారు. మిగిలింది ఏమీ లేదు. పైగా ఇంకో 5 అప్పు. గట్టి స్ప్రింగు వేస్తే కూర్చున్నప్పుడు దిగేది కొంత తగ్గుతుంది కానీ అప్పు తీరేంత కాదు. ఒంటరిగా తిరిగే కుర్రాడికి సరిపోయే ఎత్తు ఇంటిల్లిపాదీ తిరిగే బండికి ఎందుకు సరిపోదో ఈ లెక్క చెబుతుంది.

మన స్పీడ్ బ్రేకర్ల మీద తగలకుండా వెళ్లగలనా?

ఏ స్పీడ్ బ్రేకరు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

రోడ్ల పనికి కొలతలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన కొలతల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. కార్లు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా వేసిన లెక్క అది. మారుతి స్విఫ్ట్ ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. అంటే నాలుగు చక్రాలూ ఆ గడ్డ మీదే ఉంటాయి. అప్పుడు చక్రాల మధ్య గీత గీస్తే, దానికన్నా గడ్డ పైకి పొంగేది 44 మిల్లీమీటర్లే. స్విఫ్ట్ అడుగు ఎత్తు 163 మిల్లీమీటర్లు. 40 దించినా హాయిగా దాటుతుంది.

కానీ మన ఊళ్లలో ఆ కొలతతో వేసినవి ఎన్ని? ఎవరి పిల్లవాడికో దెబ్బ తగిలిన మర్నాడు, వాడ వాళ్లంతా కలిసి ఒక రాత్రిలో కాంక్రీటు పోస్తారు. అడుగున్నర వెడల్పు, ఆరంగుళాల ఎత్తు. వాళ్ల భయంలో న్యాయం ఉంది, దాన్ని నేను తప్పు పట్టను. అయితే అంత సన్నని గడ్డను కారు దాటేటప్పుడు ఒక దశలో ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల ఉంటాయి. దాని ఎత్తంతా కారు నడుము కిందికి వస్తుంది. ఆరంగుళాలు అంటే 150 మిల్లీమీటర్లు. 163లో 35 దించితే మీ దగ్గర ఉన్నది 128. ఎంత నెమ్మదిగా వెళ్లినా ఆ 22 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచీ రావు. దించని బండి కూడా అయిదుగురు ఎక్కితే అక్కడ గీసుకుంటుంది.

ఏటవాలుగా, ఒక్కొక్క చక్రమే ఎక్కేలా దాటితే కొంత మేలు. వెనక వచ్చే బైకు వాళ్లకు మీరు ఎటు తిరుగుతున్నారో అర్థం కాదు కాబట్టి అద్దంలో చూసుకుని చేయండి.

స్పీడ్ బ్రేకరు కన్నా నాకు ఎక్కువ భయం రాళ్లంటే. వానాకాలం పంట చేతికి వచ్చినప్పుడు, మళ్లీ యాసంగి కోతలప్పుడు, మన దారుల మీద సగం దాకా వడ్లో మక్కలో ఆరబోసి ఉంటాయి. బండ్లు తొక్కకుండా అంచున వరుసగా రాళ్లు పెడతారు. సాయంత్రం గింజలు ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి. రాత్రి హెడ్‌లైటు వెలుతురులో అవి పేడకడిలా కనిపిస్తాయి. అలా కొట్టుకున్న బండి ఒకటి నర్సంపేట వైపు నుంచి మా దగ్గరికి తాడు కట్టుకుని వచ్చింది. కొబ్బరికాయంత రాయి. ఇంజను అడుగున ఆయిలు నిలిచే ఛాంబరుకు జానెడు పగులు. దెబ్బ తగిలిన చప్పుడు విన్నాడు, కిందికి దిగి చూడలేదు. ఎర్ర దీపం వెలిగినా ఊరు దగ్గరే కదా అని నాలుగు కిలోమీటర్లు నడిపాడు. ఇంజను పట్టేసింది. దించిన బండి నడిపేవారు కనీసం ఛాంబరు కింద ఉక్కు పలక బిగించుకోవాలి. ఆ పలక కూడా కొంత ఎత్తు తింటుందని మరిచిపోకండి.

స్ప్రింగు ఒక చుట్టు కోయిస్తే సరిపోదా? కొన్ని వందలతో పోతుంది కదా.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ పేజీ రాశానని అనుకున్నా తప్పులేదు.

స్ప్రింగు గట్టిదనం దాని కడ్డీ మందం, చుట్టు వెడల్పు, పనిచేసే చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. చుట్లు తగ్గితే గట్టిదనం పెరుగుతుంది. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి కోస్తే అది ఐదో వంతు గట్టిపడుతుంది. అంటే బండి దిగింది, గట్టిపడింది. ఇంతవరకు లాభమే కదా అంటారు. నష్టం స్ప్రింగు కొసలో ఉంది.

చాలా స్ప్రింగులకు కొస ఒక తీరులో చేసి ఉంటుంది. కింద స్ట్రట్ గిన్నెలో ఆ కొస ఆనుకోవడానికి ఒక మెట్టు, పైన రబ్బరు పీట ఉంటాయి. గ్రైండరుతో కోసిన కొసకు ఆ అమరిక పోతుంది. బరువంతా ఒక అంచు మీద పడి గిన్నెను కోస్తూ ఉంటుంది. కోసేటప్పుడు పుట్టిన వేడికి అక్కడి ఉక్కు గుణమూ చెడుతుంది.

అసలు ప్రమాదం అది కాదు. స్ప్రింగు పొడవు తగ్గింది కానీ షాకబ్జరు కడ్డీ పొడవు తగ్గలేదు. గుంతలో చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు షాకబ్జరు నిండా సాగుతుంది, స్ప్రింగు మాత్రం అంతవరకు అందదు. ఒక బండిని లిఫ్టు మీదికి ఎత్తి, ముందు స్ప్రింగును రెండు వేళ్లతో పట్టుకుని గిర్రున తిప్పి చూపించాను. గాజులా తిరిగింది. దాని యజమాని ముఖం తెల్లబోయింది. ఆ బండితో అతను రెండు రోజుల ముందే కరీంనగర్ వెళ్లి వచ్చాడు. వేగంలో ఒక గతుకు దాటాక స్ప్రింగు తన గిన్నెలో సరిగా కూర్చోకపోతే టైరును రాసుకోవచ్చు, బండి ఒక పక్కకు లాగవచ్చు. అదృష్టం అన్ని రోజులూ ఉండదు.

గ్రైండరు పట్టుకుని వచ్చేవారిని మా షాపు మెట్టు కూడా ఎక్కనివ్వను. వేరే షాపులో చేయించుకుంటామంటే చేయించుకోండి, అలైన్‌మెంట్ కోసం మాత్రం నా దగ్గరికి తేకండి.

గ్యాసు మంటతో స్ప్రింగును వేడి చేసి దించుతారట?

అది కోయడం కన్నా చెడ్డది. స్ప్రింగు ఉక్కుకు ఆ గుణం వచ్చిందే వేడి చేసి చల్లార్చిన పద్ధతి వల్ల. మంట పెడితే ఆ గుణం పోతుంది. ఎంత దిగుతుందో పెట్టినవాడికే తెలియదు, రెండు వైపులా సమానంగా దిగనే దిగదు.

స్ప్రింగులు మాత్రమే మార్చి, పాత షాకబ్జర్లు ఉంచవచ్చా?

25 మిల్లీమీటర్ల లోపు, షాకబ్జర్లు కొత్తవే అయితే కొంతకాలం నడుస్తుంది. స్ప్రింగు ఎగిరిపడకుండా పట్టి ఉంచేది షాకబ్జరు. పాత స్ప్రింగు బలానికి తగినట్టుగా దాన్ని చేశారు. కొత్త స్ప్రింగు మరీ గట్టిదైతే దాన్ని అదుపు చేయలేక బండి గతుకు దాటాక రెండు మూడుసార్లు ఊగుతుంది. అరవై డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన షాకబ్జర్ల మీద కొత్త స్ప్రింగులు వేయమంటే, పాత గోడకు కొత్త రంగు వేయమన్నట్టే ఉంటుంది. జత మొత్తం మార్చేంత డబ్బు చేతికి వచ్చేదాకా ఆగండి.

కాయిలోవర్లు, ఎయిర్ సస్పెన్షన్ గురించి ఏమంటారు?

కాయిలోవరు అంటే స్ప్రింగు, షాకబ్జరు ఒకే జతగా వచ్చి, మర తిప్పి ఎత్తు సర్దుకునే అమరిక. మంచిదే. కానీ చవకరకాల్లో ఆ మరల మీదికి మన దుమ్ము, వానాకాలపు బురద చేరి తుప్పు పట్టి కదలవు. ఎత్తు మార్చుకోవచ్చని కొని, రెండేళ్లకు ఒకే ఎత్తులో బిగుసుకుపోయినవి చూశాను. ఏడాదికి రెండుసార్లు కడిగి, మరలకు గ్రీజు పెట్టే ఓపిక ఉంటేనే కొనండి.

గాలి సంచుల పద్ధతిలో ఒక మీట నొక్కితే బండి లేస్తుంది, స్పీడ్ బ్రేకరు దాటాక దిగుతుంది. మన దారులకు సిద్ధాంతంగా ఇదే సరైనది. ఖర్చు చాలా ఎక్కువ. కంప్రెసరు, గొట్టాలు, వాల్వులు అన్నీ చెడిపోగలవు. సంచి కారితే పొద్దున లేచేసరికి బండి ఒక మూల నేల మీద కూర్చుని ఉంటుంది.

దించిన మూడు నెలలకే టైర్లు లోపలి వైపు తినేశాయి. ఎందుకు?

అందరూ క్యాంబర్‌ను, అంటే చక్రం నిలువు నుంచి వాలే కోణాన్ని తిడతారు. బండి దిగితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, అది నిజం. 30 మిల్లీమీటర్లకు అర డిగ్రీ అటూ ఇటూ మారుతుంది. ఆ ఒక్కదానికే టైరు అంత త్వరగా పోదు. అసలు దొంగ టో, అంటే చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం. బండి దిగినప్పుడు స్టీరింగ్ టై రాడ్ల కోణం మారి, చక్రాలు ముందువైపు దగ్గరకో దూరంగానో తిరుగుతాయి. అప్పుడు టైరు దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. వాలిన టైరు పక్కకు ఈడిస్తే లోపలి అంచు చీపురులా అరిగిపోతుంది. అరచేతితో టైరు మీద అడ్డంగా రుద్ది చూడండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా తగిలితే అది టో పనే.

చాలా చిన్న కార్లలో ముందు టో మాత్రమే సర్దగలం. క్యాంబర్ సర్దాలంటే ప్రత్యేకమైన బోల్టులు వేయాలి. వెనక ఇరుసు దూలం మాదిరిగా ఒకే ముక్కగా ఉండే బండ్లలో వెనక టో, క్యాంబర్ రెండూ సర్దలేం. మీ బండి ఏ రకమో దించకముందే అడగండి.

బిగించే రోజు నేను దగ్గరుండి ఏమి చూడాలి?

ఒక్క సంగతి చూసుకోండి, మిగతావి సగం షాపులు సరిగానే చేస్తాయి. లోయర్ ఆర్మ్‌కు రబ్బరు బుష్‌లు ఉంటాయి. వాటి బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలల్లో చిరిగి కిర్రుకిర్రుమంటుంది. సరైన పద్ధతి ఏమిటంటే బోల్టులు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీదికి వచ్చాక, కొత్త ఎత్తులోనే చివరి బిగింపు వేయాలి. గుంటలోకి దిగి వేయవలసిన పని కాబట్టి బద్ధకించేవాళ్లు ఎక్కువ. మీరు నిలబడి చూస్తుంటే దిగుతారు.

అదే రోజు అలైన్‌మెంట్ చేయించండి. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకాస్త కూర్చుంటాయి కాబట్టి, వెయ్యి లోపు మళ్లీ ఒకసారి చేయించండి. హెడ్‌లైట్లు గోడకు కొట్టి చూసుకోండి. ముందు ఎక్కువ దిగితే వెలుతురు కాళ్ల దగ్గరే పడుతుంది, వెనక ఎక్కువ దిగితే ఎదుటివారి కళ్లలో పడుతుంది. అద్దం వెనక కెమెరా ఉండి, తనంతట తాను బ్రేకు వేసే కార్లు ఇప్పుడు వస్తున్నాయి. వాటికి ఎత్తు మారిస్తే కెమెరా లెక్క కూడా మళ్లీ సరిచేయించాలి. ఆ సాధనం లేని షాపులో ఆ బండి దించకండి.

దించిన కారులో మేడారం వెళ్లవచ్చా?

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గర పడేసరికి ఈ ప్రశ్న మొదలవుతుంది. వరంగల్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. దారి గురించి నాకు బెంగ లేదు, జాతర ముందు రోడ్లు బాగు చేస్తారు. బెంగ బరువు గురించి. అమ్మవార్లకు నిలువెత్తు బంగారం మొక్కుకున్నవారు తమ బరువుకు సరితూగే బెల్లం తీసుకెళ్తారు. అయిదుగురు మనుషులు, డెబ్బై కిలోల బెల్లం, వంట గిన్నెలు, దుప్పట్లు. ఎంత ఖాళీ ఉందో పైన వేసిన లెక్కలో ఈ బెల్లం కూడా కలిపి చూడండి. అక్కడికి చేరాక బండి నిలపాల్సింది పొలాల్లో. గట్టు ఎక్కి దిగాలి, దుమ్ములో కప్పబడిన రాయి కనిపించదు. మొక్కు బరువుగా ఉంటే మీ బావగారి పెద్ద బండి అడిగి తీసుకోండి.

వానాకాలంలో ఇబ్బంది ఉంటుందా?

2020 ఆగస్టులో, 2023 జూలైలో హంటర్ రోడ్డు ప్రాంతం ఎలా మునిగిందో వరంగల్ వాళ్లకు చెప్పనక్కరలేదు. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి బాడీతో పాటే కిందికి వస్తుంది. మామూలు కారు దాటిన నీళ్లలో మీ కారు ఒక గుక్క నీళ్లు మింగవచ్చు. సిలిండరులోకి వెళ్లిన నీరు గాలిలా నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ తాళం తిప్పకండి, తోయించండి. ఇది దించని బండ్లకూ వర్తిస్తుంది.

పోలీసులు, ఆర్టీఏ, బీమా సంగతి?

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ తర్వాత సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని విడిభాగాలు బిగించి మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

"ఆర్సీలో ఎత్తు రాసి ఉండదు కదా" అని వాదించేవారు వస్తారు. రాసి ఉండదు, నిజమే. కానీ ఆ వాదన మా షాపులో గెలిచినంత సులువుగా తనిఖీ అధికారి ముందు గెలవదు. నాలుగు వేళ్లు దూరాల్సిన చోట ఒక్క వేలు దూరని బండిని ఎవరైనా ఆపుతారు. 25 మిల్లీమీటర్లు దించిన బండిని ఆపినట్టు నేను వినలేదు, అయితే అది అనుమతి కింద లెక్క కాదు. నిర్ణయం మీదే, జరిమానా కట్టేదీ మీరే.

బీమా విషయంలో నేను ఇంకా కచ్చితంగా ఉంటాను. మార్పు చేస్తే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. దాచి, రేపు ప్రమాదం జరిగాక సర్వేయరు కొత్త స్ప్రింగుల రంగు చూసి క్లెయిమ్ ఆపితే నేను సాక్ష్యానికి రాలేను. వారంటీలో ఉన్న బండికి సస్పెన్షన్ భాగాల మీద వారంటీ పోయినట్టే అనుకోండి.

పెద్ద అల్లాయ్ చక్రాలు వేస్తే బండి దిగుతుందా?

దిగదు. చక్రం పెద్దదై టైరు పలచబడితే మొత్తం ఎత్తు దాదాపు అంతే. ఖాళీ నిండినట్టు కంటికి కనిపిస్తుంది, అంతే. మన గుంతల్లో పలచని టైరు పగిలితే అల్లాయ్ కూడా వంగుతుంది. దించడమూ, పలచని టైర్లూ రెండూ ఒకేసారి అడిగేవారికి రెండో స్టెప్నీ కొనుక్కోమంటాను.

ఎలక్ట్రిక్ కారు దించవచ్చా?

వద్దు. అడుగున ఉన్నది బ్యాటరీ. దాని బరువు అక్కడే ఉండటం వల్ల గరిమనాభి ముందే కింద ఉంది. మీరు కొత్తగా సంపాదించేది తక్కువ, రాయి తగిలితే పోయేది ఎక్కువ.

మీరు మీ సొంత బండి దించారా?

దించాను. పెళ్లికాని రోజుల్లో 45 మిల్లీమీటర్లు. హైదరాబాదు దారిలో జనగామ దాటాక వచ్చే పొడవాటి వంపుల్లో అది నడిచిన తీరు నాకు ఇప్పటికీ ఇష్టమే, దాచను. ఏడాదిన్నర తర్వాత మా అమ్మకు మోకాలి నొప్పి మొదలైంది. ఆమె కారులో కూర్చోవడానికి కాదు, లేవడానికి కష్టపడేది. ఒక చేయి తలుపు పైఅంచు మీద, ఇంకో చేయి సీటు మీద పెట్టి, "ఈ బండి గోతిలో ఉందిరా" అనేది. రెండు అంగుళాలు కూడా లేని తేడా ముసలి మోకాళ్లకు అంత తెలుస్తుందని నాకు అప్పుడే అర్థమైంది. ఒక ఆదివారం పాత స్ప్రింగులు తిరిగి వేశాను.

దించకుండా బండిని మలుపుల్లో మెరుగుపరచే దారి ఉందా?

ఉంది, చవక కూడా. మొదట మంచి టైర్లు, తలుపు అంచు మీద అతికించిన కాగితంలో రాసినంత గాలి. తర్వాత అరిగిన బుష్‌లు, స్టెబిలైజర్ లింకులు మార్చడం. కొత్త షాకబ్జర్లు. ఐదేళ్లు దాటిన బండికి ఇవి చేసి ఇస్తే, "అన్నా, దించారా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. ఇంకా కావాలంటే మీ మోడలుకు దొరికితే మందమైన యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలిపే అడ్డకడ్డీ). అది ఒరగడాన్ని తగ్గిస్తుంది, రెండు చక్రాలూ కలిసి దాటే స్పీడ్ బ్రేకరు మీద ఎత్తునూ మెత్తదనాన్నీ ముట్టుకోదు.

తీసేసిన పాత స్ప్రింగులు ఏం చేయాలి?

పాత ఇనుము వాడికి అమ్మకండి. ఏది ఎడమ, ఏది కుడి, ఏది ముందు, ఏది వెనక అని రంగుతో గుర్తు పెట్టండి. కొన్ని బండ్లకు రెండు వైపులా ఒకటి కావు. రబ్బరు పీటలు, బంప్ స్టాపులు కూడా ఒక సంచిలో వేయండి. వాడేసిన ఇంజను ఆయిలు గుడ్డతో పూసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు అడుగుతాడు. లేదా పిల్లలు పుడతారు, అమ్మకు మోకాళ్లు నొస్తాయి, ఊరి దారిలో కొత్త స్పీడ్ బ్రేకరు పడుతుంది. మా దగ్గర దించుకున్నవారిలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆ గోనెసంచి భుజాన వేసుకుని తిరిగి వచ్చారు. తిరిగి వేయడానికి కూలి అంతే తీసుకుంటాం, అలైన్‌మెంట్ వేరు.